డార్క్ లార్డ్ ఒక్కడే అయితే ఎంత బాగుండేది!

లార్డ్ ఆఫ్ ద రింగ్స్, హారీ పాటర్ రెండూ తెలియని సాఫ్ట్‌వేరు జీవి మన ఆఫీసుల్లో దొరకడం కష్టం. రెంటిలోనూ లోకాన్ని చీకట్లో ముంచే ప్రభువొకడుంటాడు. సౌరాన్ బలమంతా ఒక ఉంగరంలో ఉంటుంది. అది అగ్నిపర్వతంలో పడగానే కోట కూలిపోతుంది, సైన్యం చెల్లాచెదురు, కథ సుఖాంతం. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరుదీ ఇదే డిజైను :)

చరిత్రలో నిరంకుశత్వం ఇంత సులువుగా ఉండదని నా అభిప్రాయం. ఉదాహరణకి ఎక్కడికో పోనక్కర్లేదు. నేనుండేది గడ్డిఅన్నారంలో. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సందులోకెళ్ళినా నల్గొండ, సూర్యాపేట వైపు వాళ్ళు తగులుతారు. వాళ్ళ ఊళ్ళకెళ్ళే రోడ్డు ఇదే కదా. మా వీధిలో తొంభైకి దగ్గరపడ్డ ఒక పెద్దావిడ ఊరి సంగతులు చెప్పేటప్పుడు "దొర" అనే అంటుంది. పేరేంటమ్మమ్మా అంటే ఇప్పటికీ చెప్పదు. వోల్డెమార్ట్ పేరు పలకడానికి భయపడే వాళ్ళు గుర్తొచ్చారు నాకు. కాకపోతే ఇది కథ కాదు.

సరే, లేయర్లు పైనుంచి లెక్కేద్దాం. పైన 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. సంస్థానం భూమిలో పదో వంతు దాకా సర్ఫ్-ఎ-ఖాస్, అంటే ఆయన సొంత ఖర్చులకి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఆ లెక్కలోదే. ఇంకో ముప్ఫై శాతం దాకా జాగీర్లు. మిగిలిన దివానీ ప్రాంతంలో దేశ్‌ముఖ్‌లు. సాలార్‌జంగ్ సంస్కరణలతో వీళ్ళకి శిస్తు వసూలు చేసే పని పోయింది, బదులుగా ఏటా డబ్బు ముట్టేది. కానీ భూమి లెక్కలన్నీ తెలిసినవాళ్ళు కదా, మంచి భూములు తమ పేర్న రాయించుకున్నారు. కింద పటేలు, పట్వారీ. సర్కారు భాష ఉర్దూ. రైతుకి తన భూమి ఎవరి పేర్న ఉందో చదువుకునే దారే లేదు. డేటాబేస్ అడ్మిన్ చేతిలోనే దొంగ ఎంట్రీ ఉంటే ఎవరికి చెప్పుకుంటాం!

అట్టడుగున వెట్టి. గొల్లవాళ్ళు గొర్రెని, కుమ్మరులు కుండల్ని, రైతులు బండినీ ఎడ్లనీ గడీకి ఊరికే ఇవ్వాలి. చాకలి ఇంటిల్లిపాదీ చాకిరీ చెయ్యాలి. "నీ బాంచన్ కాల్మొక్త" అన్న మాట అక్కడి మాటే.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద నలభై వేల ఎకరాలుండేవంటారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటని ఎత్తుకుపోవాలని చూసింది ఆయన మనుషులే. సంఘం అడ్డం నిలబడింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద వాళ్ళు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటం అంటుకుంది అక్కడే.

రజాకార్లు జోరందుకున్నది ఆ తర్వాతే. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ 1946లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యాడు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో బురుజు మీంచి ఎదిరించిన ఊరివాళ్ళని పట్టుకుని వరసగా నిలబెట్టి కాల్చేశారు. అదే నెలలో కాచిగూడ దగ్గర ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లాఖాన్‌ని చంపారు, రాసే చెయ్యి నరికి మరీ. సంస్థానం భారత్‌లో కలవాలని రాయడమే ఆయన తప్పు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. విసునూరు దేశ్‌ముఖ్ హిందువు. షోయబుల్లాఖాన్ ముస్లిం. ఈ కథని హిందూ ముస్లిం గొడవగా కుదించి చెప్పేవాళ్ళకి ఈ రెండు పేర్లూ అడ్డమే.

1948 సెప్టెంబరు 13న సైన్యం దిగింది, 17కల్లా నిజాం లొంగిపోయాడు. ఉంగరం కాలిపోయినట్టే కదా? కాలేదు. 1950 జనవరి 26న ఆయనే రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఉన్నాడు. రజ్వీ 1957లో జైలు నుంచి బైటికొచ్చి పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని ఊళ్ళకి తిరిగొచ్చారు. సైన్యం ఇక కమ్యూనిస్టుల మీద పడింది, 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా. మరోపక్క, ఎక్కువగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, రజాకార్లతో సంబంధం లేని మామూలు ముస్లింలని ఊచకోత కోశారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 నుంచి 40 వేల మంది పోయారని అంచనా వేసింది. ఆ రిపోర్టు దశాబ్దాలపాటు బయటికి రాలేదు.

ఇప్పుడు సెప్టెంబరు 17 వస్తే పేరు దగ్గరే పేచీ. 2022లో కేంద్రం విమోచన దినోత్సవమంది, రాష్ట్రం సమైక్యతా దినోత్సవమంది. 2024లో ప్రజాపాలన దినోత్సవం అయింది. విద్రోహ దినమనేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. నాకేమనిపిస్తుందంటే, ఎవరికి కావలసిన డార్క్ లార్డ్‌ని వాళ్ళు ఎంచుకుని, మిగతా లేయర్లని దాచేస్తున్నారు. నిజాం ఒక్కడే అంటే దొర తప్పించుకుంటాడు. దొర ఒక్కడే అంటే రజ్వీ తప్పించుకుంటాడు. 17నే కథ ముగిసిందంటే ఆ తర్వాత పోయిన వేల ప్రాణాలు లెక్కలోకే రావు.

నిజాం గడీల్లోకొచ్చి కుండలు అడగలేదు. ఆ పని చెయ్యడానికి ఊరూరా మనలాంటి వాళ్ళు దొరికారు, లెక్కలు రాసినవాళ్ళూ కర్ర పట్టుకున్నవాళ్ళూ. వాళ్ళు లేకపోతే పైవాడి ఉంగరం ఉత్త ఇత్తడి.

మీ ఇంట్లో నల్గొండ, వరంగల్ వైపు పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. దొర ఎవరు, పట్వారీ ఎవరు, కర్ర పట్టుకున్నది ఎవరు అని. జవాబులో మన ఇంటిపేరు వినిపించినా సరే, రాసిపెట్టుకోండి. ఆ తరం ఇంక ఎన్నాళ్ళో ఉండదు.