స్మృతి భారం, సన్నిధి భంగం: ‘డాక్టర్ హూ’ ధారావాహిక ప్రేక్షకాదరణ క్షీణత (1980–1989)

టెలివిజన్ ధారావాహికల చరిత్రలో “ప్రేక్షకులకు ఆసక్తి సన్నగిల్లింది” అన్న వాక్యం తరచుగా ఒక కారణంగా చెలామణి అవుతుంది. నిజానికి అది కారణం కాదు. కారణం వెదకవలసిన ఫలితం. ఎవరి ఆసక్తి, ఎప్పుడు, దేనివలన సన్నగిల్లిందన్న ప్రశ్నలను ఆ వాక్యం దాటవేస్తుంది. వైజ్ఞానిక కల్పన విషయంలో ఈ దాటవేత మరింత సులభం. అటువంటి కథలు కొత్తదనం మీదనే బ్రతుకుతాయనీ, కొత్తదనం తరగగానే జనం వెళ్ళిపోతారనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ 1963 నుంచి 1989 వరకు ప్రసారం చేసిన ‘డాక్టర్ హూ’ ఈ అభిప్రాయాన్ని పరీక్షించడానికి తగిన ఉదాహరణ.

ఈ ధారావాహిక 1963 నవంబరు 23న, ఒక శనివారం సాయంత్రం, మొదలయింది. అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య జరిగిన మరునాడది. నీలిరంగు పోలీసు పెట్టె ఆకారంలోని నౌకలో దేశకాలాలను దాటి తిరిగే ఒక అజ్ఞాత వ్యక్తి దీని కథానాయకుడు. పేరు లేదు, ‘డాక్టర్’ అన్న పిలుపు తప్ప. 1966లో ప్రధాన నటుడు విలియం హార్ట్‌నెల్ వైదొలగినప్పుడు నాయకుడు దేహం మార్చుకొని మరొక రూపంలో కొనసాగుతాడన్న కల్పన చేశారు. నటుడు మారినా పాత్ర నిలిచే ఈ ఏర్పాటు వలన ధారావాహికకు సహజమైన ముగింపు లేకుండా పోయింది. అటువంటి కథ 1989లో ఎందుకు ఆగిందన్నది ఇక్కడి ప్రశ్న.

సాధారణంగా వినిపించే సమాధానం దృశ్య దారిద్ర్యం. 1977 నాటి ‘స్టార్ వార్స్’ చలనచిత్రం చూసిన కళ్ళకు బీబీసీవారి అట్టగోడలు, రబ్బరు రాక్షసులు వెలవెలపోయాయని అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. 1980లో పోటీ ఛానలు ఐటీవీ అమెరికన్ ధారావాహిక ‘బక్ రోజర్స్’ను అదే వేళకు ప్రసారం చేయగా, ‘డాక్టర్ హూ’ భాగాలు కొన్ని 50 లక్షల ప్రేక్షకులను కూడా అందుకోలేకపోయాయి. అయితే 1982లో, అవే అట్టగోడల నడుమ, సగటు ప్రేక్షకుల సంఖ్య 90 లక్షలు దాటింది. గోడలు మారలేదు, ప్రసారమయ్యే రోజులు మారాయి, నాయకుడుగా పీటర్ డేవిసన్ వచ్చాడు. (1979లో ఒక భాగాన్ని 1 కోటి 60 లక్షలకు పైగా చూశారన్న లెక్కను మాత్రం ప్రమాణంగా తీసుకొనరాదు. అప్పుడు ఐటీవీ సమ్మెలో మూతపడి ఉంది. చూడడానికి మరొకటి లేదు. పైగా 1981లో లెక్కింపు వ్యవస్థ కూడా మారింది.) కాబట్టి దృశ్య దారిద్ర్యం ఒక్కటే ఈ ఎగుడుదిగుడులను వివరించలేదు.

ఇక్కడ భారతీయ శబ్దార్థ చింతన నుంచి ఒక పరిభాషను అరువు తెచ్చుకోవచ్చు. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ హేతువులని తార్కికులు చెప్పారు. ఆంధ్రుడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం ద్వారా ఈ విభాగం తెలుగు విద్యార్థులకు చిరపరిచితం. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. అర్థాల మధ్య బాధ లేకపోవడం యోగ్యత. పదాలను విలంబం లేకుండా పలకడం సన్నిధి. జామున కొక మాట చొప్పున పలికితే, మాటలన్నీ సరైనవే అయినా, వినేవాడికి వాక్యం ఏర్పడదు. ధారావాహికలోని భాగాలు కూడా వాక్యంలోని పదాలవంటివే. ఈ పోలికకు హద్దులున్నాయి. అయినా చూసేవారి మనస్సులో కథ ఎట్లా అతుకుతుందో, ఎక్కడ తెగుతుందో చెప్పడానికి ‘ఆసక్తి’ అన్న పలుచని మాటకంటె ఇది మెరుగైన పనిముట్టు.

మొదట సన్నిధి. 1960లలో ఈ ధారావాహిక ఏడాదికి నలభైకి పైగా వారాలు ప్రసారమయ్యేది. శనివారం సాయంత్రపు తేనీరు, ఆటల ఫలితాలు, ఆ పిమ్మట డాక్టర్: ఇది బ్రిటిష్ గృహజీవితంలో ఒక అలవాటుగా పాతుకుపోయింది. 1970లకు వారాల సంఖ్య ఇరవై ఆరుకు దిగినా శనివారం తప్పలేదు. 1982లో ధారావాహికను సోమ, మంగళవారాలకు మార్చారు. వారమంతా వేలాడవలసిన ఉత్కంఠ మరునాడే తీరేది. నిర్మాతలు, ప్రేక్షకులు ఇరువురూ దీనిని విజయంగానే భావించారు, సంఖ్యలూ అదే చెప్పాయి. అయితే వారానికి రెండేసి చొప్పున ఇరవై ఆరు భాగాలూ పదమూడు వారాల్లో అయిపోయాయి. జనవరిలో మొదలైనది మార్చి ముగిసేసరికి మాయమై, మళ్ళీ జనవరి దాకా కనిపించలేదు. లోపలి సన్నిధి పెరిగి బయటి విలంబం తొమ్మిది నెలలకు సాగింది. ఇంటి అలవాటుగా ఉన్నది క్రమంగా ఏడాదికొక సంఘటనగా మారింది. ఆ నష్టం ఏ ఒక్క వారపు లెక్కలోనూ కనిపించేది కాదు. అందుకే దానిని ఎవరూ పట్టించుకోలేదు.

ఆకాంక్ష విషయం ఇంతకంటె సంక్లిష్టం. 1976లో అభిమానుల సంఘం, 1979లో ప్రత్యేక వారపత్రిక ఏర్పడ్డాయి. ధారావాహిక పూర్వచరిత్రను తేదీలతో సహా ఎరిగిన ఒక వర్గం తయారయింది. 1980లో బాధ్యత చేపట్టిన నిర్మాత జాన్ నేథన్-టర్నర్ ఈ వర్గంతో సన్నిహితంగా మెలిగాడు. ఇరవయ్యో వార్షికోత్సవం జరిగిన 1983లో ప్రతి కథలోనూ గతం నుంచి ఏదో ఒక పాత్రనో శక్తినో తిరిగి తెచ్చారు. సభలకు వచ్చేవారి సందడి పెద్దదే. సభలకు రాని లక్షలాది మంది మౌనం మాత్రం ఎవరికీ వినిపించదు.

1985 జనవరిలో ప్రసారమైన ‘అటాక్ ఆఫ్ ది సైబర్‌మెన్’ ఈ ధోరణికి పరాకాష్ఠ. ఆ కథ పూర్తిగా అర్థం కావాలంటే 1966 నాటి ‘ది టెన్త్ ప్లానెట్’లో ఒక గ్రహం నాశనమైన సంగతి తెలియాలి, 1967 నాటి ‘ది టూమ్ ఆఫ్ ది సైబర్‌మెన్’లోని సమాధులు గుర్తుండాలి, లిటన్ అనే కిరాయి సైనికుడు అంతకు ముందటి ఏడాది కథలో ఏమి చేశాడో జ్ఞాపకం ఉండాలి. డాక్టర్ నౌక 1963 నాటి మొదటి భాగంలో నిలిచిన పాత ఇనుపసామాను దొడ్డిలో మళ్ళీ దిగుతుంది. విచిత్రమేమంటే, 1978 వరకు బీబీసీ తన పాత టేపులను చెరిపివేస్తూ వచ్చింది. ఈనాటికీ 90కి పైగా భాగాలు లభించడం లేదు. 1985 నాటికి సమాధుల కథ బీబీసీ భాండాగారంలో లేనే లేదు. గ్రహవినాశం కనిపించే చివరి భాగం కూడా అంతే. అంటే ప్రేక్షకుడు గుర్తుంచుకోవలసిందని కథ కోరిన దానిని, ఆ కథను చెప్పిన సంస్థే చెరిపివేసింది. పదిహేనేళ్ళ పిల్లవాడు కోరినా దానిని చూడలేడు. నవలారూపాలు దొరికేవి నిజమే. కాని శనివారం సాయంత్రం టీవీ ముందు కూర్చునే కుటుంబం పుస్తకాల అలమర దగ్గర పరీక్షకు చదివి రాదు. మొదటి భాగాన్ని 89 లక్షల మంది చూడగా, వారం తిరిగేసరికి రెండవ భాగానికి 72 లక్షల మందే మిగిలారు.

గతం మీద ఆధారపడడమే దోషమని అనుకోవడానికి వీలులేదు. పురాణ కాలక్షేపానికి వచ్చే శ్రోత కథంతా ఎరిగే వస్తాడు. తోలుబొమ్మలాటకు అర్ధరాత్రి చేరిన మనిషి కూడా తెరమీద రావణుణ్ణి చూసి కథ ఎంతవరకు వచ్చిందో చెప్పగలడు. అక్కడ పూర్వస్మృతి భారం కాదు, రసాస్వాదానికి మెట్టు. తేడా ఎక్కడంటే, ఆ స్మృతి ఊరుమ్మడి సొత్తు. సైబర్‌మెన్ సమాధుల స్మృతి కొందరి సొత్తు. ఉమ్మడి స్మృతిని స్పృశించే కథ చూసేవారిని కలుపుకొంటుంది, కొందరి స్మృతిని స్పృశించే కథ మిగిలినవారిని గడప బయట నిలుపుతుంది. ‘తరువాత ఏమవుతుంది’ అన్న ముందుచూపు ఆకాంక్ష స్థానంలో ‘అంతకు ముందు ఏమయింది’ అన్న వెనుచూపు ఆకాంక్ష చేరింది. ఆ రెండవ ఆకాంక్షను తీర్చే మార్గం సామాన్య ప్రేక్షకుడికి లేదు.

యోగ్యతకు కలిగిన బాధను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1984 మార్చిలో కొత్త రూపం ధరించిన డాక్టర్ (కోలిన్ బేకర్) తొలి కథలోనే తన సహచరి పెరీ గొంతు నులుముతాడు. మతిభ్రమ అని కథ సమర్థించుకున్నా, ఆ కథ ముగిసిన వెంటనే తొమ్మిది నెలల విరామం వచ్చింది. ప్రేక్షకుడి మనస్సులో అంతకాలం మిగిలింది ఆ చేతులే. నాయకుడి ఔచిత్యం ఇక్కడ దెబ్బతిన్నది. సన్నిధి ఉండి ఉంటే మరుసటి వారమే గాయం మానేదేమో.

1985 ఫిబ్రవరిలో బీబీసీ ధారావాహికను దాదాపు పద్దెనిమిది నెలలు నిలిపివేస్తున్నట్లు తెలిసింది. బీబీసీ-1 నియంత్రకుడు మైకేల్ గ్రేడ్ దానిలో హింస పెరిగిందనీ, కల్పన అలసిపోయిందనీ విమర్శించారు. ఈ కాలక్రమాన్ని గమనించాలి. నిలిపివేసిన ఏడాది సగటు ప్రేక్షకులు సుమారు 70 లక్షలు, అంతకు ముందటి ఏడాదితో దాదాపు సమానం. 1986 సెప్టెంబరులో తిరిగి వచ్చినప్పటి సగటు సుమారు 48 లక్షలు. పెద్ద పతనం విరామానికి ముందు జరగలేదు, విరామం తరువాత జరిగింది. జనం విడిచిపెట్టారు కనుక సంస్థ విడిచిపెట్టిందన్న వాదానికి ఈ అంకెలు అనుకూలించవు.

తిరిగి వచ్చిన రూపం కూడా దురదృష్టకరమే. పద్నాలుగు వారాలపాటు డాక్టర్ న్యాయస్థానంలో ముద్దాయిగా కూర్చొని, తన సాహసాలను తెరమీద చూస్తూ వాదిస్తాడు. కథ రసపట్టులో ఉండగా తెర ఆగుతుంది, వాదోపవాదాలు సాగుతాయి. ఇంట్లో తెర చూస్తున్నవాడు, తెర చూస్తున్నవారిని చూడవలసి వచ్చింది. ముగింపు రాయవలసిన రచయిత రాబర్ట్ హోమ్స్ 1986 మేలో మరణించారు. కథా సంపాదకుడు ఎరిక్ సావర్డ్ తప్పుకొన్నారు. ఆఖరి భాగాన్ని వేరొక జంట రచయితలు పూర్తి చేశారు.

చివరి మూడేళ్ళు విమర్శకులకు గట్టి పరీక్ష. ఆండ్రూ కార్ట్‌మెల్ సంపాదకత్వంలో రచన బలపడింది. 1988, 1989 నాటి కథలలో కొన్ని మొత్తం ధారావాహికలోనే ఉత్తమ శ్రేణికి చెందుతాయనడం అత్యుక్తి కాదు. అయినా జనం తిరిగి రాలేదు. 1989 సెప్టెంబరులో ఒక భాగాన్ని 31 లక్షల మంది మాత్రమే చూశారు. ఆ మూడేళ్ళూ బీబీసీ దీనిని సోమవారమో బుధవారమో, ఐటీవీలో అత్యంత జనాదరణ గల ‘కోరొనేషన్ స్ట్రీట్’ ప్రసారమయ్యే సమయానికే నిలబెట్టింది. నాణ్యత పెరిగితే ఆసక్తి దానంతటదే పెరుగుతుందన్న నమ్మకం సాహిత్యవిమర్శలో కూడా ఉన్నదే. ఈ ఉదాహరణ దానికి ఆధారం ఇవ్వదు. 1989 డిసెంబరు 6న చివరి భాగం ప్రసారమయింది.

1991లో సమాధుల కథ రీళ్ళు హాంకాంగ్‌లో దొరికాయి. వాటిని జ్ఞాపకం పెట్టుకొమ్మని కోరిన ధారావాహిక అప్పటికి ప్రసారంలో లేదు.

2005 మార్చి 26న రసెల్ టి. డేవిస్ రచనతో ‘డాక్టర్ హూ’ మళ్ళీ శనివారం సాయంత్రానికే వచ్చింది; మొదటి భాగాన్ని 1 కోటి 8 లక్షల మంది చూశారు. కథ డాక్టర్‌తో మొదలు కాలేదు. లండన్‌లో ఒక దుకాణంలో పనిచేసే రోజ్ అనే యువతి ఉదయం నిద్రలేవడంతో మొదలయింది. ఆమెకు ఏమి తెలియదో ప్రేక్షకుడికీ అదే తెలియదు. ఆమె అడిగిన ప్రశ్నే అతని ప్రశ్న. మరుసటి ఏడాది సైబర్‌మెన్ తిరిగి వచ్చినప్పుడు వారి పుట్టుకను సమాంతర ప్రపంచంలో మొదటినుంచీ కొత్తగా చెప్పారు. 1966 గాని, 1967 గాని తెలియవలసిన అవసరం అందులో లేదు.