నీలి రంగు చెప్పని నిజం

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మా ఇంట్లో ఒక గాజు గొట్టంతో మొదలై, ఈనాడు నా చేతిలో ఉన్న ల్యాబు రిపోర్టు దాకా నడిచిన చరిత్ర రాస్తున్నాను. మన సభ్యుల్లో షుగరు వ్యాధి తొంగిచూడని ఇల్లు అరుదు గనుక, ఇది ఒకరిద్దరికైనా పనికొస్తుందని ఆశ.

1971లో మేము అఫ్జల్‌గంజ్ పక్కనే సిద్ది అంబర్ బజార్‌లో అద్దెకుండేవాళ్ళం. నాన్నగారికి మధుమేహం. పొద్దున్నే స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావకం పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించేవారు. రంగు మారకపోతే చక్కెర లేదని అర్థం. ఆకుపచ్చ అయితే కొద్దిగా ఉన్నట్టు, పసుపు, నారింజ అయితే ఇంకా ఎక్కువ, ఇటుక ఎరుపు వస్తే బాగా ఉన్నట్టు. ఆ రంగును తేదీ వేసి నోటుబుక్కులో రాసే పని నాది. గుమస్తా ఉద్యోగం నాకు ఇంట్లోనే మొదలైందన్నమాట.

1973 చివరికి ఇటుక ఎరుపు పోయింది. ఆకుపచ్చ వచ్చింది, తర్వాత రోజూ నీలమే. మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయని మాత్ర కూడా సగానికి తగ్గించారు. "జబ్బు వెనక్కి తగ్గింది" అని అమ్మ సంతోషంతో పాయసం వండింది. నాన్నగారు కూడా రెండు చెంచాలు తిన్నారు. ఆ రోజుల్లోనే ఆయన పాదాలు వాచేవి, మూత్రంలో నురగ కనిపించేది. "ఎండన పడి తిరిగారు, అందుకే" అనుకున్నాం. 1974 వేసవిలో ఆయన పోయారు. రెండు మూత్రపిండాలూ చెడిపోయాయని మాకు చివరి వారంలో తెలిసింది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరుగారు నాకు విషయం విడమరచి చెప్పారు. మూత్రపిండం దెబ్బతిని వడపోత తగ్గితే, మూత్రంలోకి దిగే చక్కెర కూడా తగ్గుతుంది. ఒంట్లోని ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని కరిగించేది కూడా మూత్రపిండమే. అది పనిచేయకపోతే ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి చక్కెరను పడగొడతాయి. మేము పాయసం వండుకున్న నీలి రంగు రోగం తగ్గిన గుర్తు కాదు, మూత్రపిండాలు ఆగిపోతున్న గుర్తు.

తప్పు గుర్తును నమ్మడం మా ఒక్క ఇంటి కథ కాదు. మా పేటకే ఆ చరిత్ర ఉంది. అఫ్జల్‌గంజ్ అన్న పేరు ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వచ్చింది. 1866లో మూసీ ఒడ్డున ఇక్కడ ఆసుపత్రి పెట్టారు. హైదరాబాద్ వైద్య పాఠశాల పెద్ద ఎడ్వర్డ్ లారీ 1888లోను, 1889లోను ఆరో నిజాం ఆర్థిక సాయంతో క్లోరోఫారం కమిషన్లు నడిపారు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు నేరుగా ప్రమాదం లేదని వారు తేల్చారు. కాని 1911లో లెవీ అనే వైద్యుడు, తేలికపాటి క్లోరోఫారం మత్తులోనే గుండె ఉన్నట్టుండి ఆగిపోగలదని ప్రయోగం చేసి చూపాడు. అంత పెద్దవారు అంత శ్రద్ధగా చూసినా, చూడవలసిన చోటు ఒకటి మిగిలిపోయింది. ఆ పాత ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో పోయింది. ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ నమూనాతో లేచిన ఉస్మానియా ఆసుపత్రి భవనం మనందరికీ తెలిసినదే.

ఇక అసలు గుర్తుల సంగతి. 1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ వాపు రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద కాచి, తెల్లగా గడ్డకట్టే ఆల్బుమిన్‌ను చూపాడు. 1886లో మాక్స్ జాఫే క్రియాటినిన్‌ను రంగుతో పట్టే రసాయన చర్య కనిపెట్టాడు. దాని ఆధారంగా కొలిచే పద్ధతిని ఒట్టో ఫోలిన్ తయారుచేశాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో పనిచేసినది ఈ ఫోలిన్ గారి విభాగంలోనే. అయితే క్రియాటినిన్ ఆలస్యంగా కదిలే ఫైలు వంటిది. మూత్రపిండాల శక్తి దాదాపు సగం పోయాక గాని అది స్పష్టంగా పెరగదు. 1960లలో లండన్‌లో హ్యారీ కీన్ బృందం మూత్రంలో అతి కొద్దిపాటి ఆల్బుమిన్‌ను కూడా కొలవగలిగింది. ఆ కొద్దిపాటిదే రాబోయే ముప్పుకు ముందస్తు నోటీసు అని 1982లో వెల్లడైంది.

ఈ కాలంలో దృష్టి రక్తంలోని ఇన్‌ఫ్లమేషన్ గుర్తుల మీద పడింది. అంటే లోలోపల రగిలే మంట. 1930లో కనిపెట్టిన సి రియాక్టివ్ ప్రోటీన్ వాటిలో పాతది. చక్కెర ఎక్కువై, కొవ్వు పెరిగితే ఇంటర్‌ల్యూకిన్ 6, టి.ఎన్.ఎఫ్. వంటివి పెరిగి, మూత్రపిండంలోని సన్నని జల్లెడలను మచ్చలు కట్టిస్తాయి. రక్తంలో టి.ఎన్.ఎఫ్. రిసెప్టార్లు ఎక్కువగా ఉన్న మధుమేహ రోగులకు మూత్రపిండాల వైఫల్యం త్వరగా వస్తున్నదని బోస్టన్ జోస్లిన్ సెంటరు వారు 2012లో చూపారు. 2019లో అటువంటి 17 ప్రోటీన్ల జట్టును గుర్తించారు. అయితే ఇవి ఇంకా మన వీధి ల్యాబులో రోజువారీ పరీక్షలు కావు.

నా సంగతి కూడా దాచను. నాకు 1999లో షుగరు బయటపడింది. ఆఫీసులో ఎందరికో రిమైండర్లు పంపిన నేను, నాన్నగారి గతే నాకూ పడుతుందన్న భయంతో మూత్ర పరీక్షను రెండేళ్ళు వాయిదా వేశాను. 2016లో మా అమ్మాయి బలవంతాన వెళితే ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 86 వచ్చింది. 30 లోపు ఉండాలి. మళ్ళీ చేయించినా అలాగే వచ్చింది. రక్తపోటు మాత్ర మార్చారు, ఉప్పు తగ్గించారు. ఇప్పుడు 40 దగ్గర ఉంది. మధ్యలో ఒకసారి సి రియాక్టివ్ ప్రోటీన్ పెరిగి కంగారుపడ్డాను. కారణం చూస్తే చీము పట్టిన పన్ను! ఆ పన్ను తీసేశాక అది దిగింది. కనుక ఒక్క అంకెను చూసి బెదరనూ వద్దు, మురియనూ వద్దు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా లెక్క మారుతుంది. డాక్టరుగారు అన్నీ కలిపి చూడాలి.

మిత్రులారా, ఇప్పుడు మందులున్నాయి. 1993లో కాప్టోప్రిల్, 2001లో లోసార్టన్, 2019 తర్వాత గ్లిఫ్లోజిన్ జాతి మందులు మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేస్తాయని రుజువైంది. నాన్నగారికి ఇవేవీ లేవు. మనకున్నవి, వేళకు తెలిస్తేనే పనిచేస్తాయి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరచిపోము గదా! అదే వారంలో మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోండి. ఉన్నట్టుండి షుగరు దానంతటదే తగ్గిపోతుంటే పాయసం వండించకముందే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి.

నాన్నగారి నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. చివరి పేజీల్లో వరుసగా 'నీలం, నీలం' అని నా దస్తూరీలోనే ఉంది.