మంచులోయలోని పెద్ద యిండ్లు

జపాను దేశపు నడుమ, గిఫు మండలమున, షో నదీతీరమందు షిరకావా యను కొండలోయ కలదు. నది దిగువను, తోయమా మండలమున, గోకయమా పల్లెలున్నవి. శీతకాలమున నిచ్చట మంచు మనిషి నిలువునకు మించి పేరుకొనును. పూర్వకాలమున నీ పల్లెలకు బైటి యూళ్లతో రాకపోకలు మిక్కిలి కష్టముగ నుండెడివి.

ఇచ్చటి గృహనిర్మాణమునకు గాషో పద్ధతి యని పేరు. నమస్కారమునకై జోడించిన చేతులని యా మాటకర్థము. గడ్డికప్పు రమారమి 60 డిగ్రీల వాలున నిలుచుటచే మంచు దానిపై నిలువక జారిపోవును. కప్పు వాసములను మేకులు లేకయే త్రాళ్లతోను లేతకొమ్మల బద్దలతోను బిగించి కట్టుదురు. 1935లో జర్మను వాస్తుశిల్పి బ్రూనో టౌట్ వీనిని జూచి, హేతుబద్ధమైన కట్టడములని మెచ్చుకొనెను.

ఇంతింత యిండ్లేల కట్టిరి? సాగునేల కొంచెము, బ్రతుకుతెరువు పట్టుపురుగులు. కప్పు క్రింది అటకలయందు వానిని పెంచిరి; క్రింది పొయ్యి వేడిమి పైదాక ప్రాకెడిది. నేల క్రింది గోతులలో మన్నును, ఆకును, పురుగుల పెంటను కలిపి యేండ్లతరబడి మాగబెట్టి సూరేకారము తీసిరి. గోకయమా సూరేకారము కాగా ప్రభువుల తుపాకిమందునకు పోయెడిది.

షిరకావాలోని నకగిరి ప్రాంతమున నొక్కొక యింట 20, 30 మంది కాపురముండిరి. నేల చీలరాదని, పనికి చేతులు తఱుగరాదని, జ్యేష్ఠునకు మాత్రమే భార్యను ఇంటికి దెచ్చుకొను హక్కుండెను. తమ్ములు రాత్రివేళ వలచిన స్త్రీ యింటికి పోయివచ్చెడివారు; బిడ్డలు తల్లి పుట్టినింటనే పెరిగిరి. తండ్రి జీవితకాలపు శ్రమ యంతయు అన్నగారి యింటికే చెల్లెను. ఆ యింటి యెత్తును మెచ్చువారు ఈ తమ్ముల బ్రతుకునుగూడ లెక్కింపవలెనని మా మనవి.

ఇక వేఱొక యాచారము కలదు. దానిని ‘యుయి’ యందురు. 30, 40 ఏండ్లకొకసారి కప్పు మార్చవలెను. అప్పుడు నూఱుమందికి పైగా నూరివారు చేరి, కూలి గోరక, కప్పు నేయుదురు. నేడు వీరింటికి చేసిన సాయము రేపు వారింటికి తిరిగివచ్చును.

20వ శతాబ్దమున ఆ పెద్ద కుటుంబములు విడిపోయినవి. 1961లో పూర్తియైన మిబోరో ఆనకట్ట కొన్ని పల్లెలను ముంచినది. 1971లో ఒగిమాచి గ్రామస్థులు తమ యిండ్లను అమ్మరాదు, అద్దెకీయరాదు, పడగొట్టరాదు అని కట్టుబాటు చేసికొనిరి. 1995లో యునెస్కో వీనిని ప్రపంచ వారసత్వముగ నంగీకరించినది.

తమ్ములను బంధించిన యాచారము పోయినది. ఇరుగుపొరుగును కలిపిన యాచారము నిలిచినది. ఇల్లు మాత్రము కూలలేదు. పూర్వాచారములలో నొకదానిని విడిచినచో నన్నియు నశించునని భయపడువారు ఈ లోయను తలచుకొందురు గాక.