ప్రోస్టేట్ మాత్ర ఎక్కడ పుట్టింది?

గోదావరిఖనిలో డ్యూటీ దిగిపోయిన బొగ్గుబాయి కార్మికులు నలుగురు కలిస్తే మోకాళ్ల నొప్పులు, దమ్ము తర్వాత వచ్చే మాట ఇదే: "రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్న, అయినా ధార సక్కగ వస్తలేదు." సింగరేణి ఏరియా ఆసుపత్రికి పోతే డాక్టరు ప్రోస్టేట్ పెరిగిందంటాడు. యాభై దాటిన మగవాళ్లలో దాదాపు సగం మందికి, ఎనభై దాటితే పదిమందిలో తొమ్మిది మంది దాకా ఈ గ్రంథిలో పెరుగుదల కనిపిస్తుంది. చీటీలో తరచుగా రెండు మందులుంటాయి: టామ్సులోసిన్, ఫినాస్టెరైడ్. రెండూ ఒకటే జబ్బుకైనా వాటి పుట్టుక వేరు, చేసే పని వేరు.

ఫినాస్టెరైడ్ మూలం కరీబియన్ దీవుల్లో ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ అనే ఊళ్లో కొన్ని కుటుంబాల్లో ఆడపిల్లల్లా కనిపించే పిల్లలు పుట్టేవారు. ఈడొచ్చేసరికి గొంతు మారి, కండ పట్టి మగవాళ్లయ్యేవారు. జూలియన్ ఇంపెరాటో మెగిన్లీ అనే డాక్టరమ్మ బృందం అక్కడికి వెళ్లి పరీక్షించి, 1974లో సైన్స్ పత్రికలో కారణం రాసింది. వాళ్లలో మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్‌కు కొదవ లేదు. దాన్ని మరింత బలమైన డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్ మాత్రం లోపించింది. వాళ్లకు పెద్దయ్యాక కూడా ప్రోస్టేట్ చిన్నగానే ఉండిపోయింది. ఈ ఒక్క సంగతి మెర్క్ కంపెనీ పరిశోధన విభాగాధిపతి రాయ్ వాగెలోస్ కంటబడింది. ఆ ఎంజైమ్‌ను మందుతో ఆపితే ముసలితనంలో గ్రంథి కుదించుకుపోవాలి కదా! ఆ ఆలోచనే 1992లో అమెరికా అనుమతితో 5 మిల్లీగ్రాముల మాత్రగా బయటికొచ్చింది. అంతకు వందేళ్ల ముందు ఇదే జబ్బుకు వృషణాలు తీసేసిన సర్జన్లున్నారు. ఆ బాధ తప్పించింది ఆ ఊరి పిల్లలే అని నేను నమ్ముతాను.

ఈ మాత్ర మింగితే గ్రంథి లోపల డీహెచ్‌టీ ఎనభై, తొంభై శాతం పడిపోతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే మార్పు తెలుస్తుంది. ద్రవం స్రవించే నాళాల గోడల్లో నిటారుగా నిలిచే కణాలు పొట్టిబడి చదునవుతాయి, కొన్ని తమంతట తామే చనిపోతాయి. కొత్త రక్తనాళాలు తగ్గుతాయి కాబట్టి ప్రోస్టేట్ వల్ల మూత్రంలో పడే రక్తం కూడా తగ్గుతుంది. చుట్టూ ఉన్న కండర, నార కణజాలం మాత్రం అంతగా మారదు. అందుకే గ్రంథి మొత్తం మాయం కాదు, సుమారు ఇరవై శాతం తగ్గుతుంది. దానికీ ఆరు నెలలు పడుతుంది. 3,040 మందిని నాలుగేళ్లు గమనించి 1998లో ప్రకటించిన అధ్యయనంలో, మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం 57 శాతం, ఆపరేషన్ అవసరం 55 శాతం తగ్గాయి.

టామ్సులోసిన్ గ్రంథిని కుదించదు. 1970ల్లో జెరూసలేంలో మార్కో కేన్ ప్రోస్టేట్‌లోని నునుపు కండరం నరాల సంకేతానికి బిగుసుకుంటుందని చూపాడు. ఆ బిగువు సడలించే మందుల్లో ఇదొకటి. జపాన్‌లో తయారై 1993లో అక్కడే అమ్మకానికి వచ్చింది. కొద్ది రోజుల్లోనే ధార మెరుగవుతుంది కానీ పెరుగుదల ఆగదు. ఇదే కోవకు చెందిన డాక్సజోసిన్‌ను ఫినాస్టెరైడ్‌తో కలిపి వాడితే ఒక్కొక్కదానికన్నా మేలని 2003లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది.

మన తెలుగు నేలకూ ఇందులో భాగముంది. 1984లో కల్లం అంజిరెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ ఇక్కడ ఫినాస్టెరైడ్ అమ్మింది. 2006లో పేటెంట్ ముగిసినప్పుడు మెర్క్ అమెరికాలో దాని జెనరిక్ అమ్మే హక్కును ఆ కంపెనీకే ఇచ్చింది.

ఖనిలోని పెద్దలకు నా మనవి. నెల రోజులు మింగి గుణం లేదని ఫినాస్టెరైడ్ ఆపకండి. ఆపితే మూడు నెలల్లో గ్రంథి మళ్లీ పాత సైజుకొస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ చూసే పీఎస్‌ఏ రక్తపరీక్షలో వచ్చే అంకెను ఈ మందు సగానికి తగ్గిస్తుంది. కాబట్టి ఆ పరీక్ష చేయించుకునేటప్పుడు మాత్ర వాడుతున్న సంగతి చెప్పండి, లేకుంటే క్యాన్సర్ జాడ మరుగున పడొచ్చు. టామ్సులోసిన్ వాడేవాళ్లు పడక మీంచి మెల్లగా లేవండి, కళ్లు తిరగొచ్చు. కంటి శుక్లం ఆపరేషన్‌కు పోతే ముందే కంటి డాక్టరుకు చెప్పండి, ఆ మందు కనుపాప చుట్టూ ఉండే కండరాన్ని వదులు చేస్తుంది.