నటీమణి మత్సుయి సుమాకో

జపానుదేశమున కబుకీ యను నాటకకళకు మూలము ఒక స్త్రీ. 1603వ సంవత్సర ప్రాంతమున ఒకుని యను నామె క్యోటోనగరమున ఆడిన నృత్యములనుండియే ఆ కళ పుట్టెనని చెప్పుదురు. అయినను 1629లో ప్రభుత్వము స్త్రీలు రంగస్థలము నెక్కరాదని శాసించెను. నీతిని కాపాడుటకట! అటుపిమ్మట రెండువందల యేండ్లకు పైగా ఆ రంగమున రాణులును, తల్లులును, ప్రియురాండ్రును అందఱు పురుషులే. స్థానం నరసింహారావుగారి సత్యభామను మెచ్చుకొన్న తెలుగువారికి ఆ నటుల నేర్పును తక్కువచేయ మనసొప్పదు. కాని స్త్రీ తన దుఃఖమును తాను చెప్పుకొనుటకు వీలులేని రంగస్థలము ఎంత గొప్పదైనను కొఱత గలదియే.

పందొమ్మిదవ శతాబ్దాంతమున ఆ కట్టు సడలెను. కవకామి సదయాక్కో యను నటి ఐరోపా అమెరికా ఖండములందు కీర్తి గడించివచ్చెను. అయినను గృహస్థుల యిండ్లలో వాదము రేపినది మత్సుయి సుమాకోయే.

ఈమె తొలిపేరు కొబయాషి మసాకో. 1886లో నగానో మండలమునందలి మత్సుషిరోలో జన్మించెను. మొదటి వివాహము కొలదికాలమునకే చెడెను. రెండవ భర్త ఉపాధ్యాయుడు. ఆ సంబంధమును నిలువలేదు. ముక్కు చదునుగా నున్నదని ఒకచోట చేర్చుకొనకపోగా ముక్కులోనికి మైన మెక్కించుకొనెనట! 1909లో త్సుబౌచి షోయో పండితుడు స్థాపించిన నాటక విద్యాలయమున ప్రవేశించెను. అచ్చట స్త్రీపురుషులు కలసి నేర్చుకొనుచుండిరి. చదువు అంతంతమాత్రమే యైనను ఈమె పట్టుదలతో తోడివారిని మించెను.

1911లో టోకియోనందలి ఇంపీరియలు థియేటరున 'హామ్లెట్' నాటకమందు ఒఫీలియాగా నటించెను. ఆ సంవత్సరమే నార్వే నాటకకర్త ఇబ్సెన్ రచించిన 'బొమ్మరిల్లు'లో నోరా యయ్యెను. భర్తను బిడ్డలను విడిచి, తానును మనుష్యురాలనేయని యిల్లు వెడలిపోవు ఇల్లాలి కథ యది. హిరత్సుక రాయిచో మొదలగు యువతులు నడుపుచున్న 'సెయితో' పత్రిక 1912 జనవరిలో నోరానుగూర్చి ప్రత్యేకముగ చర్చించెను. ఇల్లు విడుచుట తగునా, విడిచిన పిమ్మట బ్రతుకెట్లు? ఆ ప్రశ్నలు నేటికిని తీఱినవి కావు.

అదే యేట జర్మను రచయిత సూడర్మన్ నాటకమున, తండ్రి యాజ్ఞకు లోబడని మగ్దా యను కూతురి వేషము ధరించెను. టోకియోలో ప్రదర్శింపగనే ప్రభుత్వము దానిని నిషేధించెను. కూతురు పశ్చాత్తాపపడినట్లు తుదిమాటలు మార్చిన పిమ్మటగాని తిరిగి ఆడనీయలేదు. నాటకములోని కూతురుచేత క్షమాపణ చెప్పించుకొన్న ప్రభుత్వపు భయమును చూడుడు!

నాటకమున క్షమాపణ చెప్పింపగలిగిన లోకము సుమాకోచేత చెప్పింపలేకపోయెను. దర్శకుడు షిమమురా హోగెత్సు వసేదా విశ్వవిద్యాలయాచార్యుడు, భార్యాబిడ్డలు గలవాడు. వారిరువురి యనురాగము బయల్పడగా 1913లో సుమాకోను సంఘమునుండి తొలగించిరి; అతడు ఉద్యోగమును వదలుకొనెను. ఇరువురును 'గెయిజుత్సుజా' యను నాటకసమాజమును స్థాపించిరి. హోగెత్సు భార్యయెడ జరిగిన యన్యాయమును మఱచి వీరిని కొనియాడుట నాకు సమ్మతము గాదు. సుమాకో గర్వమును, కోపమును తోడినటులు సహింపలేకపోయిరనుటయు సత్యమే.

1914లో టాల్‌స్టాయి 'పునరుత్థానము'ను నాటకముగ నాడిరి. అందు కత్యూషాగా ఈమె పాడిన పాటకు నకయామ షింపెయి స్వరము కట్టెను. గ్రామఫోను పలకలమీది కెక్కి, నాటకశాల మెట్లెక్కనివారి నోటగూడ ఆ పాట మ్రోగెను. ఆమె కంఠము ఆ పలకలపై నేటికిని వినవచ్చును. శిక్షితగాయని కంఠము గాదు, పల్లెపడుచు సూటిగా పాడినట్లుండును.

1918 నవంబరు 5వ తేదీన హోగెత్సు విషజ్వరమున మరణించెను. ఆ యేడు ఇన్‌ఫ్లుయెంజా లోకమంతట కోట్లమందిని పొట్టబెట్టుకొన్నది. సరిగా రెండు నెలలకు, 1919 జనవరి 5న, 'కార్మెన్' నాటకము నడుచుచుండగనే, సుమాకో ప్రాణత్యాగము చేసికొనెను. అప్పటి కామెకు ముప్పదిరెండేండ్లు. హోగెత్సు సమాధిలోనే తన్ను కలుపుడని లేఖలు వ్రాసి యుంచెను. బంధువు లంగీకరింపలేదు. ఆమె సమాధి స్వగ్రామమున మత్సుషిరోలో నున్నది.