రాజీనామాలో దాగిన రాజీ

హోసూరు చుట్టుపక్కల ఉద్యోగం మానుకునేవాడు తెలుగువాడైనా, కన్నడిగుడైనా, తమిళుడైనా పైఅధికారికి ఇచ్చేది రాజీనామాయే. కన్నడంలో అది రాజీనామె, తమిళంలో రాజినామా. మలయాళంలో తోక తెగి ఉత్త రాజి అయి కూర్చుంది. చిత్రమేమిటంటే ఈ మాటకు పుట్టుకతో ఉన్న అర్థం వదిలిపోవడం కాదు, కలిసిరావడం. అరబ్బీలో రాజీ అంటే తృప్తిపడినవాడు, సరేనన్నవాడు. పారసీకంలో నామా అంటే పత్రం. తగవు పడ్డ ఇద్దరూ సర్దుకున్నామని రాసిచ్చే కాగితం రాజీనామా. ఉత్తరాది కోర్టుల్లో ఇప్పటికీ దానికి అదే అర్థం. కొలువు మానుకునేవాడు అక్కడ ఇచ్చేది ఇస్తీఫా. ఒప్పుకోలు పత్రం మన దగ్గర వీడ్కోలు పత్రం ఎలా అయిందో మరాఠీ సీమ రెవెన్యూ వాడుకను బట్టి ఊహించవచ్చు. రైతు తన ఇష్టంతోనే భూమి వదులుకుంటున్నానని రాసిచ్చేది అక్కడ రాజీనామా, ఆ భూమిని కొత్తగా చేపట్టేవాడు రాసిచ్చేది కబూలాయతు. ఇష్టమన్న ముక్క అరిగిపోయి, వదులుకోవడం మిగిలిపోయింది. కన్నడ పిల్లలు బడి సెలవును ‘రజె’ అంటారే, అదీ ఈ వంశంలోదే; పెద్దలు సరేనంటేనే కదా సెలవు!

అరువు మాటల సంగతి ఇలా ఉంటే, సొంత మాటల కథ ఇంకా ముచ్చటైనది. మనం ఒడంబడిక అంటే కన్నడిగులు ఒడంబడికె అంటారు, తమిళులు ఉడన్పడిక్కై అంటారు. ఒప్పందం మూడు భాషల్లోనూ దాదాపు ఒకే రూపంలో ఉంది. అంటే ఒప్పుదలకు వాడే మాట మీద మూడు భాషలూ ముందే ఒప్పుదలకు వచ్చాయి. తెలుగులో తప్పుకు ఎదురుమాట ఒప్పు. నలుగురూ ఒప్పుకున్నది ఒప్పు, మీరినది తప్పు. మలయాళంలో ఒప్పు అంటే సంతకం. విజయనగర శాసనాల చివర శ్రీ విరూపాక్ష అని రాజు చేసే సంతకాన్ని కన్నడంలో ‘ఒప్ప’ అనేవారు. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. వ్యాపారానికి ఆ సూత్రం చాలు. భాషలూ మతాలూ వేరైన చోట మాత్రం ఒకే విషయాన్ని ఎవరి అర్థంలో వారు ఒప్పుకోవడమే ఎక్కువగా జరిగిందని నా వాదన.

ఇందుకు శ్రవణబెళగొళలోని 1368 నాటి శిలాశాసనాన్ని మించిన సాక్ష్యం లేదు. ఆనెగొంది, హొసపట్టణ, పెనుగొండ, కల్లెహ మొదలైన నాడుల జైనులు తమకు వైష్ణవులు చేస్తున్న అన్యాయం గురించి విజయనగర రాజు బుక్కరాయలకు మొరపెట్టుకున్నారు. వాటిలో పెనుగొండ మనదే, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోది. రాయలు శ్రీరంగం, తిరుమల, కంచి, మేలుకోటల ఆచార్యులతో సహా పద్దెనిమిది నాడుల వైష్ణవులను సమావేశపరచి, జైనుల చేతిని తీసి వైష్ణవుల చేతిలో పెట్టాడు. పంచమహావాద్యాలు, కలశం జైనులకు ఎప్పటిలాగే చెల్లాలన్నాడు. వైష్ణవుల వల్ల జైనధర్మానికి హాని కలిగినా వృద్ధి కలిగినా దాన్ని వైష్ణవులు తమకే కలిగినట్టు భావించాలన్నాడు. ఆ తర్వాత వచ్చేవి అసలైన షరతులు. రాజ్యంలోని జైనులు గడపకు ఏడాదికి ఒక హణం చొప్పున ఇవ్వాలి. వైష్ణవుల తరఫున తిరుమల తాతయ్య ఆ డబ్బుతో బెళగొళ దేవుడికి ఇరవైమంది కావలివారిని పెట్టాలి. మిగిలిన సొమ్ముతో పాడుబడిన జినాలయాలకు సున్నం వేయించాలి. ఒప్పందం అంటే ఇలా ఉండాలి: కావలివారు ఎందరు, సొమ్ము ఎంత, సున్నం ఎవరు వేయించాలి అన్నీ తేల్చి. ఈ కాలపు సమైక్యతా సభల తీర్మానాల్లో సున్నం ఖర్చు ఎవరిదో ఎక్కడా కనిపించదు.

ఇంతకీ ఆ శాసనం మొదలయ్యేది రామానుజుల స్తుతితో. అదైనా మామూలు స్తుతి కాదు, పాషండ మతాలను దహించే బడబాగ్నిగా ఆయనను కీర్తించే శ్లోకం. జైనులకు అభయమిచ్చే రాతి మీద, జైనుల తీర్థంలోనే, ఆ మాట చెక్కారు! వైష్ణవుడు తన సిద్ధాంతంలో అక్షరం వదులుకోలేదు, జైనుడు తన బసదిలో వాద్యం ఆపుకోలేదు.

ఇది రాజు మెడలు వంచి చేయించిన సంధి, పైగా రక్షణకు రుసుం కట్టింది బాధితులే అనేవారున్నారు. ఆ మాట కాదనలేం. బలహీనులే చెల్లించారు. కానీ సొమ్ము ఎంతో ముందే తేలింది, జైనుల సమ్మతితో వసూలు చేయాలని రాసి ఉంది, ఖర్చయ్యేది వారి దేవుడి కోసమే. అన్నిటికీ మించి, తప్పితే నిలదీయడానికి వారి చేతిలో ఒక రాయి ఉంది. సమానుల మధ్యే ఒప్పందం చెల్లుతుందంటే చరిత్రలో చెల్లేవి ఎన్ని మిగులుతాయి?

నాలుగు శతాబ్దాలు ఒక్క గంతులో దాటితే బారామహల్, అంటే కృష్ణగిరి సీమ. 1792 శ్రీరంగపట్టణం సంధితో టిప్పు చేతినుంచి కృష్ణగిరి కంపెనీకి వచ్చింది, 1799 తర్వాత హోసూరు. కంపెనీ అధికారులు రీడ్, మన్రోలు రైతులతో శిస్తు తేల్చుకున్న రోజులవి. రైతు మాట్లాడేది తెలుగో కన్నడమో తమిళమో, దొరది ఇంగ్లీషు; మధ్యలో నడిచిన పట్టా, కౌలు, ముచ్చిలిక, కరారు ఇద్దరి ఇంటి మాటలూ కావు. పాలకుల మాటలే కదా, రుద్దినవే కదా అనవచ్చు. రుద్దినవే అయినా వచ్చినవి వచ్చినట్టు ఉండలేదు. కౌలు అంటే అరబ్బీలో మాట, మన పొలం గట్టు మీద అది గుత్త. కరారుకు ఒక ఒత్తు తగిలించి మనం పెళ్లి ముహూర్తాలు ఖరారు చేసుకుంటున్నాం. పోయిందల్లా రాజీనామాకు ఉన్న మొదటి అర్థం. లోక్ అదాలత్‌లో కుదిరేదాన్ని రాజీ అనుకుంటాం గానీ, ఆ కాగితాన్ని పాత పేరుతో పిలిస్తే కక్షిదారు కంగారుపడతాడు.

హోసూరు దగ్గరి అత్తిముగం ఊరి పేరులోనూ ఎవరి అర్థంలో వారు ఒప్పుకునే ఈ వ్యవహారమే. అక్కడి శివుడు ఐరావతేశ్వరుడు కాబట్టి ఊరిపేరు హస్తిముఖమే అయి ఉండాలి. తమిళం నోట హకారం జారి అత్తి అయింది. తెలుగు చెవికి అత్తి అంటే పండు. ఏనుగు అనుకున్నవాడూ పండు అనుకున్నవాడూ చేరేది ఆ ఊరికే.

మళ్లీ శాసనం దగ్గరికే వస్తే, దాని చివర ఇంకొక ముక్క ఉంది. కల్లెహకు చెందిన బుసువిసెట్టి బుక్కరాయలకు విన్నవించుకుని, తిరుమల తాతయ్యను రప్పించి జీర్ణోద్ధారం చేయించాడట. అప్పుడు రెండు మతాలవారూ కలిసి అతనికి సంఘనాయకుడని పట్టం కట్టారు.