కమాండోలు కనుమరుగయ్యారు

1989 అక్టోబర్ 28. ఆగ్నేయాసియా ఉక్క. చొక్కాలు ఒంటికి అతుక్కుపోతున్నాయి. ఎదురుగా దక్షిణ కొరియా. ఆట ఇంకా ఊపందుకోనే లేదు, బంతి వచ్చి యూఏఈ వలలో పడింది. ఓడితే ఇటలీ ప్రపంచ కప్ ఆశ గాల్లో దీపమే. పాతికేళ్ల కుర్రాడొకడు మధ్య గీత దగ్గర నిలబడి మళ్లీ ఆట మొదలవడం కోసం చూస్తున్నాడు.

పేరు అద్నాన్ అల్ తల్యానీ. ఊరు షార్జా. క్లబ్ అల్ షాబ్.

కాసేపటికే దూసుకెళ్లాడు. కొట్టాడు. 1-1!

ఇక అక్కణ్నుంచి ఒకటే పని. కాచుకోవడం. కొరియా వాళ్లు అలలా మీదపడుతుంటే, ఊపిరి అందక కాళ్లు బరువెక్కుతుంటే, గడియారం ముల్లు కదలనంటే కదలనని మొండికేస్తుంటే, బ్రెజిల్ నుంచి వచ్చిన కోచ్ మారియో జగాలో జట్టు ఆ ఒక్క గోల్‌ను పట్టుకుని ఆఖరి విజిల్ దాకా వేలాడింది. విజిల్ మోగింది. డ్రా. కానీ అదే రోజు చైనా, ఖతార్‌తో ఆడుతోంది. చైనా గెలిస్తే లెక్కంతా తారుమారు. చైనా ఒక గోల్ ఆధిక్యంలో ఉంది!

చివరి నిమిషాలు. ఖతార్ ఒక గోల్ కొట్టింది. తేరుకునేలోపే ఇంకోటి. చైనా కుప్పకూలింది. యూఏఈ మొదటిసారి ప్రపంచ కప్‌కు వెళ్లింది. దేశాన్ని అక్కడికి చేర్చిన కాలు ఓ చిన్న క్లబ్‌ది.

మనవాళ్లకు షార్జా అంటే 1998 ఇసుక తుఫాను, సచిన్ సెంచరీ. ఆ ఊరి కుర్రాళ్లకు మాత్రం ఫుట్‌బాలే ప్రాణం. అప్పట్లో అక్కడ రెండు జట్లు. ఒకటి షార్జా క్లబ్, లీగ్ టైటిళ్లు గెలిచిన పెద్దన్న. రెండోది 1974లో పుట్టిన అల్ షాబ్. లీగ్ టైటిల్ ఒక్కటీ లేదు. ముద్దుపేరు మాత్రం కమాండోలు. అన్నను ఓడిస్తే చాలు, తమ్ముడికి పండగే. ఒకే ఊరు, రెండు గుండెలు. 1993లో ఆ తమ్ముడే ప్రెసిడెంట్స్ కప్ ఎత్తాడు. దాంతో ఆసియా తలుపు తెరుచుకుంది.

1995. ఆసియా కప్ విన్నర్స్ కప్ ఫైనల్. వేదిక షార్జా. సొంత ఊరు, సొంత జనం. ఎదురుగా జపాన్ నుంచి వచ్చిన యొకొహామా ఫ్లూగెల్స్. ఒక్క అడుగు వేస్తే ఆసియా కిరీటం!

ఆ అడుగు పడలేదు. 2-1. ఒక్క గోల్ తేడా. కప్పు విమానమెక్కి యొకొహామా వెళ్లిపోయింది.

గెలిచినవాళ్లకైనా సుఖం దక్కిందా? మూడేళ్లు తిరిగాయి. 1998 అక్టోబర్. డబ్బు పెట్టే కంపెనీల్లో ఒకటి చేతులెత్తేసింది. ఫ్లూగెల్స్‌ను పక్క జట్టు మారినోస్‌లో కలిపేస్తున్నామని ప్రకటన వచ్చింది. అభిమానులు సంతకాలు సేకరించారు. వీధుల్లో నిలబడ్డారు. ఆటగాళ్లు పళ్లు బిగించి జపాన్ చక్రవర్తి కప్‌లో ఒక్కో మ్యాచ్ గెలుస్తూ పోయారు. ఓడిన రోజే ఆఖరి రోజు. ఓడలేదు. 1999 జనవరి 1న ఫైనల్లో షిమిజు జట్టును 2-1తో కొట్టి, కప్పు చేతబట్టుకునే క్లబ్‌ను సాగనంపారు. అభిమానులు అక్కడితో ఆగలేదు. చందాలు వేసుకుని యొకొహామా ఎఫ్‌సీ పేరుతో సొంత క్లబ్ పెట్టారు. 2007 నాటికి అది జపాన్ మొదటి డివిజన్‌కు చేరింది.

అదే 1999లో షార్జాలో తల్యానీ బూట్లు విప్పాడు. దేశం తరఫున 160కి పైగా మ్యాచ్‌లు, 50కి పైగా గోల్స్. క్లబ్ జీవితమంతా ఒకే చొక్కా. మరి ఆయన తర్వాత?

అల్ షాబ్ జారుడు మొదలైంది. కింది డివిజన్‌కు పడటం, లేవడం, మళ్లీ పడటం. 2016లో ఇంకోసారి పడింది. ఈసారి మళ్లీ లేవలేదు.

2017. ఎండ ముదిరింది. మేలో దుబాయ్ నుంచి కబురు. అల్ అహ్లీ, అల్ షబాబ్, దుబాయ్ క్లబ్ మూడూ కలిసి ఒకటే జట్టు. లీగ్‌లో జట్లు 14 నుంచి 12కు తగ్గాయి. ఆ గాలి షార్జానూ తాకింది. అల్ షాబ్‌ను షార్జా క్లబ్‌లో కలిపేశారు. నలభై ఏళ్లకు పైగా ఎవరిని ఓడించాలని ఉవ్విళ్లూరారో, వాళ్లలోనే కలిసిపోవాలి. ఎమిరేట్స్‌లో క్లబ్‌లు నడిచేది సర్కారు అండతో. యొకొహామాలోలా చందాలు వేసుకుని కొత్త జట్టు నిలబెట్టే దారి కమాండోల అభిమానులకు దొరకలేదు.

2019 మే. షార్జా జట్టు 23 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచింది. కోచ్ అబ్దుల్అజీజ్ అల్ అన్బరీ 1996లో అదే క్లబ్‌కు ఆటగాడిగా టైటిల్ తెచ్చినవాడే. షార్జా అభిమానులకు అది ఇల్లంతా పండగ. కానీ చిన్నప్పటి నుంచి ఆ జట్టు ఓడిపోవాలని మొక్కుకున్న షాబ్ అభిమాని ఎవరి కోసం ఈల వేయాలి?

ఓటమి క్లబ్‌ను చంపదు. 1995లో ఓడిన కమాండోలు ఆ తర్వాత ఇరవై రెండేళ్లు బతికారు. ఆ రాత్రి గెలిచిన ఫ్లూగెల్స్ నాలుగేళ్లకే మాయమైంది. రెండింటికీ ముగింపు రాసింది మైదానం కాదు, మైదానం బయటి బల్ల. ఆ బల్ల చుట్టూ అభిమానికి కూడా ఒక కుర్చీ వేయాలి. అది జరిగేదాకా ఏ ఊరి జట్టుకూ భరోసా లేదు.